మాటల భోషాణం

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందింది. మామూలు కంప్యూటరులో డేటాబేస్ సర్వరును ఎలా స్థాపించాలి, ఎలా నడపాలి, అందులో దాచినదాన్ని ఎలా కాపాడుకోవాలి అనే విషయాలను ఇది వివరిస్తుంది. ఉదాహరణగా మన ఇళ్ళలో వినిపించే తెలుగు మాటల సేకరణను తీసుకున్నాం.

పాఠం

వేరుశనగ కాయను తెలంగాణలో పల్లీ అంటారు. చిత్తూరు వైపు శనక్కాయ అంటారు. కర్నూలు వైపు బుడ్డ అనే మాట వినిపిస్తుంది. కోస్తా జిల్లాల వారు వేరుశనగ అనే అంటారు. మరి మీ ఇంట్లో ఏమంటారు? మీ అవ్వ ఏమంటుంది?

హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో తరతరాలుగా తెలుగువారు నివసిస్తున్నారు. చుట్టూ వేరే భాష ఉన్నా ఇంట్లో తెలుగును నిలుపుకొన్నారు. వారి నోట నిలిచిన పాత మాటలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని ఏ నిఘంటువుకూ ఎక్కలేదు. చెప్పే పెద్దలు ఉన్నంతవరకే ఆ మాటలు ఉంటాయి.

మాటలను సేకరించి దాచే పని మన భాషకు కొత్త కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కూర్చిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది. అందులో వ్యవసాయ పదాలున్నాయి. పల్లెలకు వెళ్ళి రైతుల నోట విని రాసుకొన్న మాటలవి. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. ఇటువంటి పనికి అప్పట్లో కాగితపు చీటీలే ఆధారం.

ఈ పాఠం రాస్తున్న నేను కూడా ఒకప్పుడు ఆ పని మొదలుపెట్టాను. నేను పాఠాలు చెప్పిన ఒక సరిహద్దు బడిలో పిల్లలు తమ ఇంటి పెద్దల మాటలను చీటీల మీద రాసి తెచ్చేవారు. వాటిని నేను కంప్యూటరులో ఒక ఫైలుగా ఎక్కించాను. తోటి ఉపాధ్యాయులు ఇద్దరు ఆ ఫైలుకు నకళ్ళు తీసుకొని తమ తమ ఇళ్ళలో మాటలు చేర్చారు. నెల తిరిగేసరికి మా దగ్గర మూడు ఫైళ్ళు తయారయ్యాయి. ఒకదానిలో ఉన్న మాట ఇంకొకదానిలో లేదు. ఒకే మాటకు మూడు అర్థాలు. ఏది సరైనదో తేల్చడానికే సెలవులన్నీ గడిచాయి. చివరకు మూడింటినీ కలిపి ఒకటి చేశాను. చీటీలను పాత కాగితాలతో పాటు ఇచ్చివేశాను. కంప్యూటరులో ఉన్నాయి కదా అనుకొన్నాను. మరుసటి ఏడు ఆ కంప్యూటరు డిస్కు చెడిపోయింది. దాదాపు తొమ్మిది వందల మాటలు పోయాయి. వాటిని చెప్పిన ముసలమ్మలలో ఇద్దరు అప్పటికే కాలం చేశారు.

నేను చేసిన తప్పులు రెండు. పలువురు కలిసి చేయవలసిన పనిని విడి ఫైళ్ళతో చేయడం మొదటిది. దాచినదానికి వేరొక చోట నకలు ఉంచకపోవడం రెండవది. ఈ రెండు తప్పులు మీరు చేయకుండా ఉండాలనేదే ఈ పాఠం ఉద్దేశం.

డేటాబేస్, సర్వరు అంటే ఏమిటి?

సేకరించిన వివరాలను గణితంలో దత్తాంశం అంటారని మీరు చదువుకున్నారు. ఇంగ్లీషులో దాన్నే డేటా అంటారు. ఒక పద్ధతి ప్రకారం అమర్చి దాచిన దత్తాంశాల నిధి డేటాబేస్. ఆ నిధిని కాపలా కాస్తూ, అడిగినవారికి అడిగినది తీసి ఇచ్చే ప్రోగ్రామును డేటాబేస్ సర్వరు అంటారు.

పూర్వం ఊరి భూముల లెక్కలు కరణం దగ్గర ఉండేవి. ఎవరికి ఏ వివరం కావలసినా కరణాన్ని అడగవలసిందే. ఎవరికి వారు కవిలెకట్టలు విప్పి చూడటానికి, దిద్దడానికి వీలు లేదు. కరణమే చూసి చెబుతాడు, కరణమే రాస్తాడు. అందువల్ల ఊరందరికీ ఒకే లెక్క ఉండేది. సర్వరు అనే మాటకు సేవ చేసేది అని అర్థం. అది కంప్యూటరులో కూర్చున్న కరణం వంటిది. అడిగే ప్రోగ్రామును క్లయింటు అంటారు. ఒకేసారి పదిమంది క్లయింట్లు అడిగినా సర్వరు ఎవరి పని వారికి చేసిపెడుతుంది. ఒకరు రాసింది ఇంకొకరు చెరపకుండా చూస్తుంది.

సర్వరు అనగానే చల్లని గదిలో పెట్టిన పెద్ద యంత్రమని కొందరు అనుకొంటారు. అలాంటి యంత్రాలూ ఉన్నాయి. కాని ఇక్కడ సర్వరు అంటే ప్రోగ్రామే. బడిలోనో ఇంట్లోనో ఉన్న మామూలు కంప్యూటరులో కూడా అది పని చేస్తుంది. అడిగేవారు, ఇచ్చేవారు ఒకే కంప్యూటరులో ఉండవచ్చు.

ప్రతి పనికీ సర్వరు అవసరం లేదు. ఒక్కరే రాసుకొనే చిన్న జాబితాకు ఎస్‌క్యూలైట్ వంటి తేలిక సాధనం చాలు. అది సర్వరు కాదు. ఒకే ఫైలులో నిధిని దాచే పద్ధతి. మన చేతి ఫోన్లలో పేర్లు, సందేశాలు దాచడానికి అదే వాడతారు. పలువురు ఒకేసారి రాయవలసి వచ్చినప్పుడు మాత్రం సర్వరు ఉపయోగం తెలుస్తుంది.

పట్టికల ఆలోచన

దత్తాంశాలను పట్టికలుగా అమర్చాలనే సిద్ధాంతాన్ని ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త 1970లో ప్రకటించాడు. ఆయన ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పని చేశాడు. అంతకు ముందు ఒక వివరం కావాలంటే అది ఎక్కడ ఉందో, ఏ దారిన పోతే దొరుకుతుందో ప్రోగ్రాము రాసేవారే చెప్పవలసి వచ్చేది. ఏమి కావాలో చెబితే చాలు, ఎలా వెతకాలో యంత్రమే చూసుకోవాలని కాడ్ వాదించాడు. ఈ కృషికి ఆయన 1981లో ట్యూరింగ్ బహుమతి అందుకొన్నాడు.

ఆ పద్ధతిలో అడగడానికి ఐ.బి.ఎం.లోనే డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఒక భాషను రూపొందించారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన బర్కిలీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం 1970 దశకంలో ఇంగ్రెస్ అనే డేటాబేసును, 1986 నుండి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసును నిర్మించింది. 1996లో దాని పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. ఇది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. పలు దేశాల ప్రోగ్రామర్లు కలిసి దీన్ని పెంచుతున్నారు. ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు. అందుకే ఈ పాఠంలో దీన్ని ఎంచుకొన్నాం. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ కూడా పేరున్న సర్వర్లే. వాటి సృష్టికర్త మైకేల్ విడేనియస్ తన కూతుళ్ళ పేర్లు మై, మరియా అనేవాటిని వాటికి పెట్టాడు.

స్థాపించడం

సర్వరు స్థాపనకు గొప్ప కంప్యూటరు అక్కరలేదు. నాలుగు జీబీల జ్ఞాపకశక్తి ఉన్న పాత యంత్రమైనా మన పనికి సరిపోతుంది. స్థాపించే అధికారం గల లాగిన్ మాత్రం ఉండాలి. బడి కంప్యూటరైతే ముందుగా ఉపాధ్యాయుల అనుమతి తీసుకోండి.

విండోస్ కంప్యూటరైతే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అధికారిక వెబ్‌సైటు ద్వారానే స్థాపక ఫైలును దించుకోవాలి. ఎవరో ఇచ్చిన ఫైలును నమ్మకూడదు. దాన్ని తెరిస్తే వరుసగా కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. తొందరపడి "తరువాత" అనే బొత్తాన్ని నొక్కుకుంటూ పోకండి. ప్రతి ప్రశ్నకూ అర్థం ఉంది.

ఏ భాగాలు కావాలో అడుగుతుంది. సర్వరు, పీజీఅడ్మిన్ అనే కిటికీ ప్రోగ్రాము, ఆజ్ఞలు టైపు చేసే పనిముట్లు - ఈ మూడు ఉంటే చాలు. తరువాత దత్తాంశాల సంచయాన్ని ఏ ఫోల్డరులో ఉంచాలో అడుగుతుంది. ఆ చోటును నోటు పుస్తకంలో రాసుకోండి.

ఆ పిమ్మట పాస్‌వర్డు పెట్టమంటుంది. ఇది పోస్ట్‌గ్రెస్ అనే పేరు గల పెద్ద అధికారికి చెందిన పాస్‌వర్డు. ఈ అధికారి ఏ పట్టికనైనా కట్టగలడు, ఏ పట్టికనైనా చెరపగలడు. కాబట్టి ఆ పాస్‌వర్డు పొడవుగా ఉండాలి. దాన్ని కాగితం మీద రాసి ఉపాధ్యాయుల దగ్గర భద్రపరచాలి. చాలామంది స్థాపన రోజు పాస్‌వర్డు పెట్టి మరునాటికి మరచిపోతారు.

ఆ తరువాత పోర్టు సంఖ్య అడుగుతుంది. కంప్యూటరు ఒక పెద్ద సత్రమైతే పోర్టు అందులో గది సంఖ్య. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ గది సంఖ్య 5432. మైఎస్‌క్యూఎల్ గది 3306. గదులు వేరు కనుక రెండు సర్వర్లు ఒకే కంప్యూటరులో ఉన్నా తగవు రాదు. 5432 గదిలో ముందే ఎవరైనా ఉంటే 5433 ఇవ్వవచ్చు.

ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ కంప్యూటర్లలో పని ఇంకా తేలిక. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్" అనే ఒక్క ఆజ్ఞతో సర్వరు స్థాపన జరిగి, నడక కూడా మొదలవుతుంది. ఈ పాఠంలో ఆజ్ఞలను పలికే తీరును తెలుగు లిపిలో చూపుతున్నాం. కంప్యూటరులో వాటిని రోమన్ లిపిలోనే టైపు చేయాలి.

సర్వరు నడిచే తీరు

స్థాపన పూర్తయ్యాక తెర మీద సర్వరు ఎక్కడా కనిపించదు. కాని అది వెనుక పని చేస్తూనే ఉంటుంది. ఇలా తెర వెనుక నడిచే ప్రోగ్రాములను సర్వీసులు అంటారు. కంప్యూటరు వెలిగించగానే సర్వరు తానే లేస్తుంది. తన గది తలుపు దగ్గర కూర్చుని ఎవరు తడతారా అని చూస్తుంది. ఒక క్లయింటు వచ్చి తలుపు తట్టగానే అతని కోసం విడిగా ఒక పనివాణ్ణి కేటాయిస్తుంది. మామూలు అమరికలో గరిష్ఠంగా 100 మంది క్లయింట్లకు చోటుంటుంది. ఒక బడికి అది చాలినంత.

సర్వరు నడుస్తున్నదో లేదో తెలుసుకోవడానికి పీజీఅడ్మిన్ తెరిచి, పాస్‌వర్డు ఇచ్చి, "సెలెక్ట్ వెర్షన్();" అని అడగండి. తన పేరు, కూర్పు సంఖ్య చెబితే అంతా సవ్యంగా ఉన్నట్లే. జవాబు రాలేదనుకోండి, కంగారు పడవద్దు. తెర మీది సందేశాన్ని నెమ్మదిగా చదవండి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని ఉంటే సర్వీసు ఆగి ఉండవచ్చు, లేదా మీరు తట్టిన గది సంఖ్య తప్పు కావచ్చు. పాస్‌వర్డు సరిపోలేదని ఉంటే సర్వరు మేలుకొనే ఉందన్నమాట. తప్పు మన టైపులో ఉంది. సందేశాన్ని చదివే ఓపిక ఉంటే సగం పని అయినట్లే.

పట్టికలు కట్టడం

పెద్ద అధికారి పేరుతో రోజువారీ పని చేయకూడదు. ఊరి తాళాలన్నీ జేబులో వేసుకొని బజారుకు వెళ్ళినట్లవుతుంది. కాబట్టి మొదట "క్రియేట్ రోల్" అనే ఆజ్ఞతో బడి పేరున ఒక చిన్న అధికారిని, "క్రియేట్ డేటాబేస్" అనే ఆజ్ఞతో అతని యాజమాన్యంలో ఒక కొత్త డేటాబేసును ఏర్పరచాలి. ఇక నుండి ఆ చిన్న అధికారి పేరుతోనే లోపలికి వెళ్ళాలి.

ఇప్పుడు పట్టికలు. మన పనికి రెండు పట్టికలు కావాలి. ఒకటి ప్రాంతాలది, రెండవది మాటలది. ఆజ్ఞా పదాలు ఇంగ్లీషువే అయినా పట్టికల పేర్లను, నిలువు వరుసల పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అందుకు ఒప్పుకొంటుంది.

క్రియేట్ టేబుల్ ప్రాంతాలు (సంఖ్య ఇంటిజర్ ప్రైమరీ కీ, పేరు టెక్స్ట్ నాట్ నల్ యునీక్);

క్రియేట్ టేబుల్ మాటలు (సంఖ్య సీరియల్ ప్రైమరీ కీ, మాట టెక్స్ట్ నాట్ నల్, అర్థం టెక్స్ట్ నాట్ నల్, ప్రాంతం ఇంటిజర్ నాట్ నల్ రెఫరెన్సెస్ ప్రాంతాలు);

ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. "ఇంటిజర్" అంటే పూర్ణాంకం. "టెక్స్ట్" అంటే రాత. "నాట్ నల్" అంటే ఖాళీగా వదలకూడదు అని. "యునీక్" అంటే ఒకే పేరు రెండుసార్లు రాకూడదు అని. "ప్రైమరీ కీ" అంటే ఆ వరుసను గుర్తించే సంఖ్య. బడి రిజిస్టరులో మీ ప్రవేశ సంఖ్య వంటిది. ఒకే పేరు గల విద్యార్థులు ఇద్దరు ఉండవచ్చు కాని ఒకే ప్రవేశ సంఖ్య ఇద్దరికి ఉండదు. "సీరియల్" అంటే ఆ సంఖ్యను సర్వరే వరుసగా వేసుకుపోతుంది. "రెఫరెన్సెస్" అనేది చాలా విలువైన కట్టుబాటు. మొదటి పట్టికలో లేని ప్రాంతం సంఖ్యను రెండవ పట్టికలో రాయబోతే సర్వరు ఒప్పుకోదు. మా మూడు ఫైళ్ళలో ఒకే ఊరి పేరు నాలుగు రకాలుగా రాసి ఉండేది. ఈ కట్టుబాటు ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

ప్రాంతాల పట్టికలో 1 తెలంగాణ, 2 చిత్తూరు, 3 కర్నూలు, 4 కోస్తా, 5 మన ఊరు అని నింపామనుకొందాం. ఒక మాటను చేర్చడానికి ఇలా రాయాలి:

ఇన్సర్ట్ ఇంటూ మాటలు (మాట, అర్థం, ప్రాంతం) వాల్యూస్ ('పల్లీ', 'వేరుశనగ కాయ', 1);

ఇలాగే శనక్కాయ, బుడ్డ, వేరుశనగ అనేవి కూడా చేర్చండి. తరువాత ఇలా అడగండి:

సెలెక్ట్ మాటలు.మాట, ప్రాంతాలు.పేరు ఫ్రమ్ మాటలు జాయిన్ ప్రాంతాలు ఆన్ మాటలు.ప్రాంతం = ప్రాంతాలు.సంఖ్య వేర్ మాటలు.అర్థం = 'వేరుశనగ కాయ';

రెండు పట్టికలను కలిపి, వేరుశనగ కాయకు ఏ ప్రాంతంలో ఏ మాట ఉందో సర్వరు వరుసగా చూపుతుంది. ఇలా పట్టికలను కలపడాన్ని జాయిన్ అంటారు. మాటలోని ఒక భాగమే గుర్తుంటే "లైక్ '%శన%'" అని అడగవచ్చు. అప్పుడు శనక్కాయ, వేరుశనగ రెండూ వస్తాయి. దిద్దడానికి "అప్‌డేట్", తొలగించడానికి "డిలీట్" అనే ఆజ్ఞలు ఉన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. "డిలీట్ ఫ్రమ్ మాటలు;" అని మాత్రమే రాసి, ఏ వరుస అన్నది "వేర్" తో చెప్పకపోతే పట్టికలోని మాటలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. నిజంగానేనా అని సర్వరు తిరిగి అడగదు. అందుచేత ముందు అదే షరతుతో "సెలెక్ట్" చేసి, ఏ వరుసలు వస్తాయో కళ్ళారా చూసిన తరువాతనే "డిలీట్" చేయాలి.

తెలుగు అక్షరాల సంగతి

ఒకప్పుడు ఒక కంప్యూటరులో రాసిన తెలుగు ఇంకొక కంప్యూటరులో పిచ్చిగీతలుగా కనిపించేది. ఒక్కొక్క ఫాంటు తన ఇష్టం వచ్చిన సంకేతాలు వాడటమే కారణం. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంకేత పద్ధతి ఉండాలని యూనికోడ్ ఏర్పడింది. 1991లో వచ్చిన దాని తొలి కూర్పులోనే తెలుగు ఉంది. తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించారు.

'పుస్తకం' అనే మాటలో మన కంటికి మూడు అక్షరాలు కనిపిస్తాయి. కంప్యూటరుకు మాత్రం అవి ఏడు: ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగులో ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావాలి. అంటే 'పుస్తకం' 21 బైట్లు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పట్టిక పేరు 63 బైట్లకు మించకూడదు. కనుక తెలుగు పేరులో ఇటువంటి సంకేతాలు 21కి మించరాదు. మీ డేటాబేసు యూటీఎఫ్-8 లో ఉన్నదో లేదో "షో సర్వర్_ఎన్‌కోడింగ్;" అని అడిగి తెలుసుకోవచ్చు.

అకారాది క్రమం సంగతి కూడా గమనించాలి. బడిలో నేర్చుకొన్న వర్ణమాలలో 'ళ' అనే అక్షరం 'హ' తరువాత వస్తుంది. యూనికోడ్‌లో అది 'ల' పక్కనే, 'వ' కంటే ముందు ఉంది. కేవలం సంకేత సంఖ్యల ప్రకారం పేర్చమంటే కల, కళ, కవి అనే వరుస వస్తుంది. వర్ణమాల ప్రకారం కల, కవి, కళ అని రావాలి. యంత్రం మనకు నచ్చినట్లు పేర్చకపోతే అది తప్పు చేసిందని కాదు. దానికి తెలిసిన క్రమం వేరు. అటువంటి తేడాలను పట్టుకోవడానికి భాష తెలిసిన మనిషే కావాలి.

చిట్టా - ఆవర్జా

వ్యాపారులు రోజు జరిగిన బేరాలను జరిగినవి జరిగినట్లు మొదట చిట్టాలో రాసుకొంటారు. తీరికగా ఆవర్జాలో ఎవరి ఖాతాకు వారిది ఎక్కిస్తారు. ఆవర్జాలో పొరపాటు వస్తే చిట్టా చూసి దిద్దుకొంటారు. డేటాబేస్ సర్వరు కూడా ఇదే పద్ధతిని పాటిస్తుంది. ఏ మార్పునైనా ముందు చిట్టా ఫైలులో రాసి భద్రం చేసి, ఆ తరువాతే "అయింది" అని మనకు చెబుతుంది. అసలు పట్టిక ఫైలులోకి తరువాత ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోయిందనుకోండి. మళ్ళీ వెలిగించగానే సర్వరు తన చిట్టాను చదువుకొని, పూర్తయిన మార్పులను పట్టికలో సరిచూస్తుంది. సగంలో ఆగిన పని లెక్కలోకి రాదు.

కొన్ని పనులు విడదీయరానివి. ఒక ఊరి పేరును చేర్చడం, ఆ ఊరి మాటలు ఇరవై చేర్చడం ఒకే పని అనుకొందాం. అప్పుడు ముందు "బిగిన్;" అని, పని ముగిశాక "కమిట్;" అని అనాలి. మధ్యలో తప్పు జరిగిందని గుర్తిస్తే "రోల్‌బ్యాక్;" అంటే చాలు; మొదటి స్థితికి వస్తుంది. ఇలా అయితే పూర్తిగా జరగడం, లేకపోతే అసలు జరగకపోవడం అనే పద్ధతిని ట్రాన్సాక్షన్ అంటారు. పైన చెప్పిన "డిలీట్" ఆజ్ఞను కూడా "బిగిన్" తరువాత రాస్తే, పొరపాటు జరిగినా వెనుకకు రావచ్చు. "కమిట్" అన్న తరువాత మాత్రం ఆ దారి మూసుకుపోతుంది.

కాపలా, నకళ్ళు

స్థాపించిన కొత్తలో సర్వరు తన కంప్యూటరులోని క్లయింట్ల మాటే వినే విధంగా ఉండటం క్షేమం. స్థాపకం పూర్తయ్యాక "షో లిజన్_అడ్రెసెస్;" అని అడిగి, ఎవరి కోసం చెవి ఒగ్గి ఉందో చూసుకోండి. ప్రయోగశాలలోని మిగతా కంప్యూటర్ల నుండి కూడా మాటలు చేర్చాలంటే, ఆ కంప్యూటర్ల చిరునామాలకు మాత్రమే అనుమతి ఇవ్వాలి. ఎవరికి అనుమతి ఉన్నదో రాసే ఫైలును పీజీ హెచ్‌బీఏ అంటారు. అది ద్వారపాలకుని చేతి జాబితా వంటిది. 5432 గది తలుపును ఇంటర్నెట్‌కు ఎన్నడూ తెరవకూడదు. అలా తెరిచి ఉన్న తలుపులను వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు తిరుగుతూ ఉంటాయి.

మాటలు చెప్పిన పెద్దల వివరాల విషయంలోనూ జాగ్రత్త కావాలి. మన పనికి ఊరు, సుమారు వయసు తెలిస్తే చాలు. పేరు, ఫోను సంఖ్య అవసరం లేదు. అవసరం లేనిదాన్ని దాచకపోవడమే అన్నిటికంటె మంచి కాపలా. వ్యక్తుల వివరాల రక్షణకు మన దేశంలో 2023లో చట్టం కూడా చేశారు.

ఇక అత్యవసరమైనది నకలు. చిట్టా పద్ధతి కరెంటు పోయినప్పుడు కాపాడుతుంది కాని డిస్కు చెడిపోతే కాపాడలేదు. చిట్టా, ఆవర్జా రెండూ ఒకే డిస్కులో ఉంటాయి కదా! అందుకే వారానికి ఒకసారైనా "పీజీ డంప్" అనే పనిముట్టుతో డేటాబేసు మొత్తాన్ని ఒక ఫైలుగా తీయాలి. సర్వరు నడుస్తుండగానే అది సరైన నకలు తీయగలదు. నడుస్తున్న సర్వరు ఫోల్డరును ఊరికే కాపీ చేస్తే ఆ నకలు అతకదు. తీసిన ఫైలును పెన్‌డ్రైవులో వేసి, కంప్యూటరు ఉన్న గదిలో కాక వేరొక చోట ఉంచాలి. నకలు తీస్తే సరిపోదు. మూడు నెలలకు ఒకసారి దాన్ని ఇంకొక కంప్యూటరులో ఎక్కించి, మాటలన్నీ వచ్చాయో లేదో లెక్క చూడాలి. తెరిచి చూడని నకలును నమ్మలేం.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు ఏటా ఒక పెద్ద కూర్పు వస్తుంది. ఒక్కొక్క కూర్పుకు అయిదేళ్ళ పాటు దిద్దుబాట్లు అందుతాయి. ఆ లోపు కొత్త కూర్పుకు మారాలి. మారే ముందు కూడా నకలు తీయవలసిందే.

విద్యార్థులారా! సర్వరును స్థాపించడం ఒక పూట పని. పట్టికలు కట్టడం మరొక పూట పని. ఆ పట్టికలను నింపడం మాత్రం ఎవరి పుస్తకంలోనూ దొరకదు. మీ ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దలను అడగవలసిందే. వారు చెప్పిన మాటను చీటీ మీద రాసుకోండి, పట్టికలో ఎక్కించండి. ఎక్కించిన తరువాత కూడా చీటీని పారవేయకండి.

పదాలు - అర్థాలు

భోషాణం: విలువైన వస్తువులు దాచే పెద్ద చెక్క పెట్టె
దత్తాంశం: సేకరించిన వివరం
కవిలెకట్ట: లెక్కలు రాసిన పుస్తకాల కట్ట
సంచయం: సమూహం
చిట్టా: ఏ రోజు లెక్క ఆ రోజు రాసుకొనే పుస్తకం
ఆవర్జా: ఖాతాల వారీగా లెక్కలు రాసే పుస్తకం
మాండలికం: ఒక ప్రాంతంలో వాడే భాషారూపం

ప్రశ్నలు

1. వ్యాసరచయిత చేసిన రెండు తప్పులు ఏవి? వాటి వలన కలిగిన నష్టం ఏమిటి?
2. డేటాబేస్ సర్వరును కరణంతో ఎందుకు పోల్చారు? ఈ పోలిక ఎంతవరకు సరిపోతుందో మీ మాటల్లో రాయండి.
3. పెద్ద అధికారి పేరుతో రోజువారీ పని ఎందుకు చేయకూడదు?
4. కరెంటు పోయినా సర్వరు తన లెక్కలను ఎలా నిలుపుకొంటుంది? అయినా నకలు ఎందుకు అవసరం?
5. 'అమ్మమ్మ' అనే మాటకు యూటీఎఫ్-8 పద్ధతిలో ఎన్ని బైట్లు కావాలో లెక్కించండి.

భాషాంశాలు

కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి: దత్తాంశం, అత్యవసరం, రాలేదనుకోండి.

చేసి చూడండి

మీ ఇంటి పెద్దలను అడిగి వంట, వ్యవసాయం, బంధుత్వం - ఈ మూడింటికి సంబంధించిన పది మాటలు సేకరించండి. ప్రతి మాటకు అర్థం, ఊరు రాయండి. తరగతిలో అందరి చీటీలను కలిపి, ఒకే అర్థం గల వేరు వేరు మాటలను గుర్తించండి.